పురుగుకి ఎలా తెలుస్తుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల తూనీగ గురించి నాలుగు ముక్కలు రాశాను. దాని ఒక్కో కంట్లో 30 వేల దాకా చిన్న చిన్న కటకాలు ఉండొచ్చని, వెంటాడిన పురుగుని దాదాపు ప్రతిసారీ పట్టేస్తుందని. ఆ నాలుగు ముక్కలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఆరు తీసుకున్నాను, రెండింటికి మాత్రం కాస్త పెద్ద జవాబులు రాయక తప్పలేదు.

“రాత్రి వంటింట్లో లైటు వేసి చెప్పు ఎత్తేలోపే బొద్దింక మాయమైపోతుంది. వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్ళినా అంతే. దానికి వెనక కూడా కళ్ళున్నాయా?”
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

కళ్ళు కాదండీ, వెంట్రుకలు. ఈసారి చచ్చిన బొద్దింక కనిపిస్తే ఊడ్చేసే ముందు ఒక్క నిమిషం దాని వెనక భాగం చూడండి. పొట్ట చివర, రెండు పక్కలా, కణుపులు కణుపులుగా ఉన్న రెండు చిన్న కొమ్ములు పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిని సెర్సై అంటారు. ఒక్కోదానికి అడుగువైపు 200 దాకా సన్నటి వెంట్రుకలుంటాయి, ఒక్కో వెంట్రుక ఒక్కో దిక్కుకి మాత్రమే తేలిగ్గా ఊగుతుంది, కాబట్టి ఏవి ఊగాయన్నదాన్ని బట్టే గాలి ఎటు నుంచి వస్తోందో దానికి తెలిసిపోతుంది. మీరు చెప్పు దించుతున్నారంటే చెప్పు కంటే ముందు గాలి వెళ్ళి దాన్ని తాకుతుంది కదా, ఆ గాలి చాలు. అది తగిలాక సెకనులో ఇరవయ్యో వంతులో కాళ్ళు కదిలిపోతాయి. ఇంత త్వరగా ఎలాగంటే, ఆ కబురు తల దాకా వెళ్ళి అక్కడ ఆలోచన జరిగి వెనక్కి రావాల్సిన పని లేదు, పొట్ట చివరి నరాల ముడి నుంచి లావుపాటి నరాల మీదుగా నేరుగా కాళ్ళ దగ్గరి ముడికి అందుతుంది.

నేనొకసారి సింకు పక్కన కదలకుండా ఉన్న బొద్దింక మీదికి స్ట్రాతో ఎడమ నుంచి మెల్లగా ఊదాను. కుడి వైపు తిరిగి పరుగెత్తింది. స్ట్రా తగల్లేదు, లైటు మారలేదు, ఒట్టి గాలి. ఈగల్ని కొట్టే ప్లాస్టిక్ బ్యాటుకి చిల్లులు ఎందుకుంటాయో అప్పుడు అర్థమైంది, గాలి ముందుకి నెట్టుకుపోకుండా ఆ చిల్లుల్లోంచి పోతుంది. చెప్పు కన్నా ఆ బ్యాటే మేలు. కీచురాయికి కూడా వెనక ఇలాంటి వెంట్రుకలే ఉంటాయి, వాటిని చూసి నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వాళ్ళు సిలికాన్ చిప్ మీద వెంట్రుకల్ని నిలబెట్టి, అతి సన్నటి గాలి కదలికని పసిగట్టే సెన్సర్లు తయారుచేశారు.

“మా నాన్నగారికి 74 ఏళ్ళు. ఖరీదైన హియరింగ్ ఎయిడ్ కొన్నాం. ఇంట్లో బాగానే ఉంటుంది కానీ పెళ్ళికి వెళ్తే తీసి జేబులో పెట్టేసుకుంటారు, అంతా ఒకటే గోల అంటారు. పురుగుల చెవుల్లో దీనికేమైనా దారి ఉందా?”
– హనుమకొండ నుంచి ఒక కొడుకు

ఉంది, అదీ ఒక ఈగ దగ్గర. ముందు మీ నాన్నగారి ఇబ్బంది ఏమిటో చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇళ్ళల్లో దీన్ని పెద్దాయన మొండితనం అనుకుంటారు, కాదు. మెషిన్ శబ్దాన్ని పెద్దది చేస్తుంది, బాగానే ఉంది, కానీ ఎదురుగా కూర్చున్న వియ్యంకుడి మాటతో పాటు వెనకున్న బ్యాండునీ పక్కనున్న ప్లేట్ల చప్పుడునీ కూడా పెద్దది చేస్తుంది. ఆయనకి కావాల్సింది ఇంకా గట్టిగా వినిపించడం కాదు, ఏ శబ్దం ఎటు నుంచి వస్తోందో విడదీసి, ఎదురుగా ఉన్నదాన్ని మాత్రమే అందించడం.

మనకి దిక్కు ఎలా తెలుస్తుంది? రెండు చెవుల మధ్య జానెడు దూరం ఉంటుంది, కుడివైపు శబ్దం కుడి చెవికి కాస్త ముందు, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా మహా అయితే సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మన మెదడు పట్టేస్తుంది. ఇప్పుడు అమెరికా దక్షిణ భాగంలో ఉండే ఓర్మియా ఓక్రేసియా అనే ఈగని తీసుకోండి. ఇది రాత్రిపూట మగ కీచురాయి పాట విని, ఆ పాట ఎక్కడి నుంచి వస్తోందో చీకట్లోనే వెతుక్కుంటూ వెళ్ళి, దాని మీదా చుట్టూ తన పిల్ల పురుగుల్ని వదిలేస్తుంది. అవి కీచురాయి ఒంట్లోకి దూరి లోపల్నుంచే తింటూ పెరుగుతాయి. వినడానికి ఘోరంగానే ఉంటుంది, కానీ ఆ ఈగ బతుకంతా ఆ పాట ఎటు నుంచి వస్తోందో కచ్చితంగా కనిపెట్టడం మీదే ఆధారపడి ఉంది.

చిక్కేమిటంటే దాని రెండు చెవులూ ముందుకాళ్ళ మొదట్లో, రొమ్ము మీద, పక్కపక్కనే ఉంటాయి. మధ్య దూరం అర మిల్లీమీటరు. శబ్దం ఒక చెవి నుంచి ఇంకో చెవికి చేరడానికి పట్టేది సెకనుని పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒకటిన్నర భాగం. అంత చిన్న తేడాని ఏ నరమూ కొలవలేదు. మరి ఈగ ఎలా కొలుస్తోంది? 1990లలో అమెరికాలో రోనాల్డ్ మైల్స్, డేనియల్ రాబర్ట్, రోనాల్డ్ హోయ్ అనే ముగ్గురు దీని వెంట పడ్డారు. చూస్తే రెండు కర్ణభేరులూ విడివిడిగా లేవు, మధ్యలో గట్టి పెంకు వంతెన ఒకటి రెండిటినీ కలుపుతోంది. పార్కులో పిల్లలు చెరో చివర కూర్చుని పైకీ కిందికీ ఊగే బల్ల ఉంటుంది చూడండి, అచ్చం అలాగ. శబ్దం ముందు తగిలిన వైపు బల్ల గట్టిగా ఊగుతుంది, రెండో వైపు కదలిక తగ్గిపోతుంది, ఆలస్యమవుతుంది. ఒకటిన్నర భాగం ఉన్న తేడా ఈ ఊపుతో 50 భాగాలకి పైగా పెరుగుతుంది. లెక్క మెదడు చెయ్యలేదు, నరాలకి చేరకముందే ఆ వంతెనే చేసేసింది. 2001లో చేసిన పరీక్షల్లో ఈ ఈగ రెండు డిగ్రీల తేడాని కూడా గుర్తుపట్టింది, మనిషి చెవికి దీటుగా.

ఈ పురుగులన్నిట్లో నన్ను కట్టిపడేసేది ఇదే. తెలివంటే తలలోనే ఉండాలనుకుంటాం, ఇక్కడ సగం తెలివి అవయవం ఆకారంలోనే ఉంది. మైల్స్ బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయంలో ఇదే పద్ధతిలో, నడిమధ్య ఇరుసు మీద ఊగే సిలికాన్ పొరతో, మిల్లీమీటర్లలో కొలిచే చిన్న మైక్రోఫోన్లు చేయించారు, అదీ హియరింగ్ ఎయిడ్‌లనే దృష్టిలో పెట్టుకుని. మామూలుగా మంచి మెషిన్లలో దిక్కు కోసం రెండు మైక్‌లు పెట్టి వాటి మధ్య తేడా లెక్క కడతారు. మెషిన్ చిన్నదయ్యేకొద్దీ మైక్‌లు దగ్గరవుతాయి, తేడా తగ్గుతుంది, మైక్ సొంత రొద అందులో కలిసిపోతుంది. ఈగ ఆ చిక్కునే దాటింది.

మీ నాన్నగారికి ఈలోగా చెయ్యగలిగింది ఒకటుంది. మెషిన్ ఇచ్చిన ఆడియాలజిస్టుని కలిసి, అందులో ముందువైపు శబ్దానికే ప్రాధాన్యమిచ్చే డైరెక్షనల్ ప్రోగ్రామ్ ఉందా, ఉంటే ఆన్ చేసి ఉందా అని అడగండి. అది పెట్టించాక పెళ్ళిలో ఆయన్ని బ్యాండు వీపు వెనక పడేలా కూర్చోబెట్టి మీరు ఎదురుగా కూర్చుని మాట్లాడండి. బ్యాండుకి ఎదురుగా కూర్చోబెడితే ఆ ప్రోగ్రామ్ ఉన్నా దండగే.

“కరెంటు పోయిన కటిక చీకట్లో కూడా దోమ సరిగ్గా నా దగ్గరికే వస్తుంది, గోడకి గుద్దుకోదు. ఎలా?”
– ఒక డిగ్రీ విద్యార్థి, ఏలూరు

దోమ ఒక్కదాన్నే నమ్ముకోదు. దూరం నుంచి మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, దగ్గరయ్యేకొద్దీ చర్మం వాసన, ఇంకా దగ్గరికొస్తే ఒంటి వేడి, తేమ. 2024లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరా వాళ్ళు ఇంకో సంగతి బయటపెట్టారు. డెంగీ తెచ్చే ఈడిస్ దోమ మన ఒంటి నుంచి వెలువడే పరారుణ కిరణాల్ని 70 సెంటీమీటర్ల దూరం నుంచే పసిగడుతుందట, ఊపిరీ వాసనా తోడైతేనే దాన్ని పట్టించుకుంటుందట. వదులు బట్టలు వేసుకోమని పెద్దవాళ్ళు చెప్పేదానికి ఇదీ ఒక కారణం, బట్టకీ ఒంటికీ మధ్య ఖాళీలో ఆ వేడి చెదిరిపోతుంది.

ఇక గోడ సంగతి. దోమ రెక్కలు ఆడిస్తుంటే కిందికి గాలి జోరుగా పోతుంది, నేలో గోడో దగ్గరైతే ఆ గాలి తీరు మారుతుంది, మారిన సంగతి మీసాల మొదట్లో ఉండే జాన్‌స్టన్ అవయవం పట్టేస్తుంది. మగ దోమ ఆడదాని రెక్కల చప్పుడు వినేది కూడా దాంతోనే. క్యూలెక్స్ దోమల మీద ఈ లెక్క కట్టినవాళ్ళు 2020లో ఒక చిన్న డ్రోన్‌కి గాలి ఒత్తిడి కొలిచే తేలికపాటి సెన్సర్లు తగిలించి చూపించారు. కెమెరా లేదు, లేజర్ లేదు, తన రెక్కల గాలి తేడాతోనే నేల, గోడ దగ్గరపడ్డాయని ఆ డ్రోన్ కనిపెట్టింది. పొగతో నిండిన గదిలోకి పంపే డ్రోన్‌కి ఇది ఎంత పనికొస్తుందో ఆలోచించండి.

“డ్రోన్ దీదీ పథకంలో శిక్షణ తీసుకున్నాను, మిరప చేలకి మందు కొడుతున్నాను. తేనెటీగని చూసి డ్రోన్‌లు చేశారని విన్నాను, నిజమేనా?”
– గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి

డ్రోన్ ఆకారం కాదమ్మా, చూపు. ఆ పనిలో పెద్ద పేరు మనవాడిదే. మాండ్యం శ్రీనివాసన్, బెంగళూరులో ఇంజనీరింగ్ చదివి ఆస్ట్రేలియాలో స్థిరపడిన శాస్త్రవేత్త. తేనెటీగ రెండు కళ్ళూ దగ్గరదగ్గరగా ఉంటాయి, కాబట్టి మనలాగ రెండు కళ్ళతో కలిపి దూరం అంచనా వెయ్యడం దానికి కష్టం. మరి చెట్ల మధ్య నుంచి అంత వేగంగా ఎలా పోతుంది? ఆయన ఈగల్ని చారల గోడలున్న సొరంగంలో ఎగరనిచ్చారు. నట్టనడుమ ఎగిరాయి. ఒక గోడ చారల్ని ఈగ ఎగిరే వైపే కదిలిస్తే ఆ గోడకి దగ్గరగా జరిగాయి. అంటే రెండు వైపులా దృశ్యం ఒకే వేగంతో వెనక్కి జారేలా చూసుకుంటున్నాయన్నమాట. బస్సు కిటికీలోంచి చూస్తే దగ్గరి కరెంటు స్తంభాలు గబగబా, దూరపు కొండ మెల్లగా కదులుతాయి కదా, అంతే సంగతి.

దిగేటప్పుడు ఇంకా ముచ్చటగా ఉంటుంది. కింద నేల జారే వేగాన్ని కళ్ళలో ఒకేలా ఉంచుకుంటుంది. కిందికి వచ్చేకొద్దీ నేల దగ్గరై గబగబా జారబోతుంది, దాన్ని ఆపడానికి ఈగ తన వేగం తగ్గించుకుంటూ పోతుంది, నేల తాకే సరికి వేగం దాదాపు ఏమీ మిగలదు. ఎత్తెంతో తెలియక్కర్లేదు, వేగమెంతో తెలియక్కర్లేదు. చాలా డ్రోన్‌ల అడుగున ఉండే చిన్న కెమెరా, ఆప్టికల్ ఫ్లో సెన్సర్ అంటారు, నేల జారడాన్ని చూసి నిలకడగా ఉండటం ఇదే సూత్రం మీద.

మీరు మందు కొట్టే మనిషి కాబట్టి ఇంకొక్క మాట, ఇది నా మనసులో ఎప్పుడూ మెదిలే మాట. 2012లో ఫ్రాన్స్‌లో తేనెటీగలకి థయామెథాక్సామ్ మందు చంపనంత తక్కువ మోతాదులో ఇచ్చి, వీపు మీద చిన్న ట్యాగులు అతికించి వదిలితే, చాలా ఈగలు పట్టుకి తిరిగి రాలేకపోయాయి. చావలేదు, దారి తప్పాయి. ఆ మందు మన చేలల్లోనూ వాడుతున్నదే. పూత మీదున్న చేనుకి ఉదయం ఈగలు తిరిగే వేళ కొట్టకండి, అవి పట్టుకి చేరాక సాయంత్రం కొట్టండి. చుట్టుపక్కల తేనె పెట్టెలుంటే వాళ్ళకి ఒకరోజు ముందు కబురు పెట్టండి.

“పత్తిలో లింగాకర్షక బుట్టలు పెట్టమన్నారు. పెట్టాను, రెక్కల పురుగులు పడుతున్నాయి. కానీ కాయలో గులాబీ పురుగు తగ్గలేదు. ఈ బుట్టలు ఉత్తదేనా?”
– ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా

ఉత్తది కాదన్నా, కానీ బుట్ట ఏ పని చేస్తుందో మీకు సరిగ్గా చెప్పినట్టు లేదు. బుట్టలోని సంచి విప్పి చూడండి, పడ్డవన్నీ మగవే. పైన మూత కింద వేలాడే చిన్న రబ్బరు బిళ్ళ ఉంది కదా, అందులో ఉన్నది ఆడ పురుగు జతకట్టడానికి గాలిలోకి వదిలే వాసన, మనుషులు తయారుచేసింది. దాన్నే నమ్ముకుని మగ పురుగు చీకట్లో వస్తుంది. మన ముక్కుకి ఏమీ తెలియదు.

ఈ వాసనల చదువు మొదలైంది పట్టుపురుగుతో, మన హిందూపురం వైపు రైతులు పెంచే జాతే. జర్మనీలో అడాల్ఫ్ బూటెనాంట్ 5 లక్షల ఆడ పట్టు సీతాకోకల నుంచి ఆ వాసన పదార్థాన్ని చిటికెడు తీసి, 1959లో అదేమిటో తేల్చారు, బాంబికాల్ అని పేరు పెట్టారు. మగదాని మీసం ఎంత సున్నితమంటే ఒక్క అణువు తగిలినా ఒక నరం స్పందించగలదు. అంత చిన్నదాన్ని పట్టే యంత్రం చెయ్యడం కష్టమని, 2020లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు పొగాకు మీద బతికే ఒక పెద్ద రెక్కల పురుగు మీసాన్నే తీసి డ్రోన్‌కి బిగించారు. తీశాక నాలుగు గంటల దాకా ఆ మీసం పనిచేసింది, వాసన ఎటు నుంచి వస్తే డ్రోన్ అటు తిరిగింది. గ్యాస్ లీకులు వెతకడానికి ఇలాంటివి పనికొస్తాయని వాళ్ళ ఆశ.

మీ చేను సంగతికి వద్దాం. గులాబీ పురుగు వాసన గాసిప్లూర్, దాన్ని 1973లో గుర్తించారు, దగ్గర దగ్గర సగం సగంగా రెండు పదార్థాల కలయిక. ఎకరాకి నాలుగైదు బుట్టలు పెడితే అవి పురుగుని చంపే మందు కాదు, పురుగు వచ్చిందని చెప్పే గంట. ఒక మగ పురుగు తప్పించుకున్నా చాలా ఆడవాటితో జతకట్టగలదు. అందుకే రోజూ పొద్దున్నే లెక్కపెట్టాలి, బుట్టకి ఎనిమిది చొప్పున వరుసగా మూడు రోజులు పడితే ఆగకూడదు, గుడ్డి పూలు, అంటే పురుగు పట్టి విచ్చుకోని పూలు, ఏరి నాశనం చెయ్యాలి, కాయలు కోసి చూడాలి, వ్యవసాయ విస్తరణ అధికారి చెప్పిన మందు కొట్టాలి. బిళ్ళని గడువు ప్రకారం మార్చాలి, పురుగుమందు అంటిన చేత్తో ముట్టుకోకూడదు, శనగపచ్చ పురుగు బిళ్ళ వేసి గులాబీ పురుగు పడాలంటే పడదు.

వాసనతోనే పురుగుని తగ్గించే పద్ధతి ఇంకోటుంది. చేనంతా మొక్కలకి ఆ వాసన నింపిన తాళ్ళు కడతారు, ఎటు చూసినా ఆడదాని వాసనే కాబట్టి మగదానికి అసలు ఆడది ఎక్కడుందో అంతుపట్టదు. అయితే ఒక్క రైతు కడితే సరిపోదు, పక్క చేలో జతకట్టిన ఆడది ఎగిరొచ్చి మీ చేలో గుడ్లు పెడుతుంది. ఊరంతా కలిసి చెయ్యాల్సిన పని. అమెరికా తన పత్తి చేలల్లో గులాబీ పురుగు లేకుండా పోయిందని 2018లో ప్రకటించుకుంది, బీటీ పత్తి, ఈ వాసన పద్ధతి, సంతానం కలగకుండా చేసిన పురుగుల్ని వదలడం, పంట తీశాక మోళ్ళు దున్నెయ్యడం అన్నీ కలిపి, ఏళ్ళ తరబడి, అందరు రైతులూ ఒక్కటిగా చేస్తేనే అయింది. మీ ఊళ్ళో పత్తి తీశాక కట్టె ఎన్నాళ్ళు చేలో ఉంటోంది? బుట్ట కంటే ముందు నేను అడిగేది అదే.

“చీమకి ఫోన్ లేదు, మ్యాప్ లేదు. అంత దూరం వెళ్ళి పుట్టకి ఎలా వస్తుంది?”
– తొమ్మిదో తరగతి విద్యార్థి, జడ్చర్ల

నాన్నా, మన ఇంటి చీమలు చాలావరకు తోటి చీమలు వదిలిన వాసన గీత మీద నడుస్తాయి. కానీ సహారా ఎడారిలో కాటాగ్లిఫిస్ అనే చీమ ఉంది, ఆ కాలే ఇసుక మీద వాసన నిలవదు. ఇది ఒంటరిగా అటూ ఇటూ తిరుగుతూ వంద మీటర్లు దాటి వెళ్ళి, ఆహారం దొరకగానే గీత గీసినట్టు తిన్నగా పుట్టకి వచ్చేస్తుంది. రెండు పనులు చేస్తుంది. ఒకటి, అడుగులు లెక్కపెడుతుంది. 2006లో ట్యునీషియాలో చీమలు ఆహారం దాకా వచ్చాక, వాటి కాళ్ళకి పంది వెంట్రుకలు అతికించి పొడుగు చేశారు. అడుగు పెద్దదైంది, లెక్క మాత్రం పాతదే, పది మీటర్ల దగ్గర ఆగాల్సినవి పదిహేను దాకా వెళ్ళి పుట్ట కోసం వెతికాయి. కాళ్ళు పొట్టి చేసినవి ఆరు కూడా దాటకుండానే ఆగిపోయాయి.

రెండోది దిక్కు. ఆకాశం నుంచి వచ్చే వెలుగు ఒక వరసలో కంపిస్తూ వస్తుంది, దాన్ని ధ్రువణం అంటారు, ఆ వరస సూర్యుడి చోటుని బట్టి మారుతుంది. మనకి కనపడదు, చీమ కంటి పై అంచుకి కనపడుతుంది. 2019లో ఫ్రాన్స్‌లోని మార్సేలో ఈ రెండు పద్ధతులూ పెట్టి యాంట్‌బాట్ అనే ఆరుకాళ్ళ రోబో చేశారు, జీపీఎస్ లేకుండా 14 మీటర్లు తిరిగి, బయల్దేరిన చోటికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా తిరిగొచ్చింది. మన ఫోన్ జీపీఎస్ మీటర్ల లెక్కన తప్పుతుంది.

ఆ వరసని నువ్వు కూడా చూడొచ్చు. ఎవరి దగ్గరైనా పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలు ఉంటే అడుగు. మబ్బు లేని రోజు సరిగ్గా పొద్దు గుంకే వేళ డాబా ఎక్కి, సూర్యుడి వైపు మాత్రం చూడకుండా, వెల్లకిలా పడుకుని నడినెత్తి ఆకాశాన్ని ఒక అద్దంలోంచి చూస్తూ దాన్ని మెల్లగా తిప్పు. పావు చుట్టు తిప్పేసరికి నీలం ముదురుతుంది, ఇంకో పావు తిప్పితే మళ్ళీ తేలిపోతుంది. ముదిరిన చోట అద్దాన్ని ఆపి, అప్పుడు సూర్యుడు ఎటున్నాడో నోట్‌బుక్‌లో గీసుకో. మర్నాడు పొద్దున్నే సూర్యుడు రాగానే మళ్ళీ గీసి, రెండు బొమ్మలూ నాకు పంపు.